ఆగస్టు 15న ఎన్ని జరిగాయి? ఒకే తేదీ పంచుకున్న సంఘటనల వెనక లెక్క

ఆగస్టు 15 మన స్వాతంత్ర్య దినం. అదే తేదీన 1945లో జపాన్ చక్రవర్తి లొంగుబాటు ప్రకటన రేడియోలో వినిపించింది. 1948లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఏర్పడింది. 1975లో ఢాకాలో షేక్ ముజిబుర్ రహ్మాన్ హత్యకు గురయ్యారు. 2021లో తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చారు. ఇంకా వెనక్కి వెళితే 1914లో పనామా కాలువ తెరుచుకుంది, 1872లో కలకత్తాలో అరవిందులు జన్మించారు, 1769లో కోర్సికా దీవిలో నెపోలియన్ పుట్టాడు.

ఇలాంటి జాబితాలు ఏటా ఫోన్లలో తిరుగుతాయి. చదివిన వాళ్లలో కొందరు ఆ తేదీలో ఏదో మహిమ ఉందంటారు, ఇంకొందరు అంతా వట్టి కాకతాళీయమని కొట్టిపారేస్తారు. రెండు మాటలూ తొందరపాటే. పై జాబితాలోని సంఘటనలన్నీ ఒకే కారణంతో ఒకే తేదీకి రాలేదు. కొన్నింటికి తేదీని మనుషులు కావాలని ఎంచుకున్నారు, కొన్ని వాటంతట అవే కలిశాయి. ఒకటైతే భూగోళానికి అవతలి వైపు నుంచి చూస్తే ఆగస్టు 15 కానే కాదు. ఏది ఏ రకమో విడదీయకుండా పక్కపక్కన పేర్చితే ఎటువంటి అర్థమైనా తీయవచ్చు.

మనుషులు ఎంచుకున్న తేదీలు

1947 ఫిబ్రవరి 20న బ్రిటన్ ప్రధాని అట్లీ చేసిన ప్రకటన ప్రకారం అధికార బదిలీకి గడువు 1948 జూన్. జూన్ 3న దేశ విభజన ప్రణాళిక బయటికి వచ్చింది. మర్నాడు ఢిల్లీలో విలేకరులతో మాట్లాడుతూ వైస్రాయ్ మౌంట్‌బాటెన్ ఆగస్టు 15 ప్రాంతంలో బదిలీ జరగవచ్చన్నాడు. అంటే గడువు పది నెలలు ముందుకు జరిగింది. జూలై 18న రాజామోదం పొందిన భారత స్వాతంత్ర్య చట్టం మొదటి సెక్షన్‌లోనే ఆ తేదీ ఉంది.

ఆ తేదీయే ఎందుకు? జపాన్ లొంగిపోయి సరిగ్గా రెండేళ్లు కావడమే కారణమని మౌంట్‌బాటెన్ చాలా ఏళ్ల తర్వాత చెప్పుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆగ్నేయాసియా మిత్రసేనల సర్వాధికారి ఆయనే. 1945 సెప్టెంబర్ 12న సింగపూర్‌లో జపాన్ సేనల లొంగుబాటును స్వయంగా స్వీకరించాడు. కాబట్టి ఆ తేదీ మీద ఆయనకు మమకారం ఉండటంలో వింత లేదు. అయితే ఇది దశాబ్దాల తర్వాత ఒక మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాట. పంజాబ్‌లో హింస పెరగడం, పాలనా యంత్రాంగం చేయి జారిపోతుండటం, వీలైనంత త్వరగా బయటపడాలని బ్రిటన్ అనుకోవడం వల్లే తేదీ ముందుకు వచ్చిందనే చరిత్రకారులు చాలామంది ఉన్నారు. ఈ రెండు వివరణలూ నిజానికి పోట్లాడుకోవు. తొందర ఎందుకన్నదానికి రెండోది జవాబిస్తుంది, ఆ తొందరలో 13వ తేదీయో 18వ తేదీయో కాక 15 ఎందుకన్నదానికి మొదటిది జవాబిస్తుంది.

కొరియా సంగతి ఇంకా స్పష్టం. 1945 ఆగస్టు 15 కొరియన్లకు జపాన్ పాలన నుంచి విముక్తి దొరికిన రోజు. మూడేళ్ల తర్వాత ప్రభుత్వ స్థాపనకు అదే రోజును ఏరికోరి పెట్టుకున్నారు. అంటే జాబితాలో విడివిడిగా కనిపించే 1945, 1947, 1948 మూడూ ఒకే వేరు నుంచి వచ్చినవి. వాటిని మూడు యాదృచ్ఛిక సంఘటనలుగా లెక్కేయకూడదు.

జనవరి 26 ఈ రకానికి ఇంకా మంచి ఉదాహరణ. 1929 డిసెంబర్ చివర లాహోర్ కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్యాన్ని లక్ష్యంగా ప్రకటించింది. దేశమంతా ప్రతిజ్ఞ చేయడానికి జనవరిలో చివరి ఆదివారాన్ని నిర్ణయించారు. 1930లో ఆ ఆదివారం 26వ తేదీన పడింది. సెలవు రోజు కాబట్టి పెట్టుకున్న తేదీ అలా పదిహేడేళ్ల పాటు స్వాతంత్ర్య దినంగా నిలిచింది. అసలు స్వాతంత్ర్యం ఆగస్టులో వచ్చేసరికి ఆ తేదీ ఖాళీ అయింది. రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26న ఆమోదించారు. పౌరసత్వం, ఎన్నికల వంటి కొన్ని అధికరణలు అదే రోజు అమల్లోకి వచ్చాయి. మిగతాదాన్ని సరిగ్గా రెండు నెలలు ఆపి 1950 జనవరి 26న అమల్లోకి తెచ్చారు. ఆస్ట్రేలియా జాతీయ దినం కూడా జనవరి 26నే, 1788లో సిడ్నీ తీరానికి బ్రిటిష్ నౌకలు చేరిన రోజు. దానికీ మన గణతంత్రానికీ ఏ సంబంధమూ లేదు. 2001లో అదే తేదీన వచ్చిన భుజ్ భూకంపానికి అసలే లేదు.

చట్టం పుట్టించిన తేదీలు

నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటక, మధ్యప్రదేశ్, హర్యానా, ఛత్తీస్‌గఢ్ అవతరణ దినోత్సవాలు చేసుకుంటాయి. పంజాబ్ కూడా ఇప్పటి రూపానికి వచ్చింది ఆ రోజే. ఇన్ని రాష్ట్రాలు ఒకే రోజు పుట్టడం ఆశ్చర్యంగా కనిపిస్తుంది కానీ, వీటిలో మొదటి నాలుగూ ఒకే చట్టం ఫలితం. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో 'అపాయింటెడ్ డే' అని ఒక రోజు ఉంటుంది. చట్టం ఎప్పుడు ఆమోదం పొందినా, పాత రాష్ట్రం ముగిసి కొత్త రాష్ట్రం మొదలయ్యేది ఆ రోజున. 1956కు అది నవంబర్ 1. అప్పుడు మైసూరు పేరుతో ఏర్పడిన రాష్ట్రం 1973లో కర్ణాటకగా పేరు మార్చుకోవడానికి కూడా నవంబర్ 1నే ఎంచుకుంది. హర్యానా 1966లో, ఛత్తీస్‌గఢ్ 2000లో వేర్వేరు చట్టాలతో వచ్చినా అదే తేదీకి చేరాయి. నెల మొదటి తారీఖున ఉద్యోగుల జీతాలు, ఖాతాలు, పద్దులు విడగొట్టడం తేలిక కాబట్టి పరిపాలన వ్యవహారాలు ఒకటో తేదీ చుట్టూ పోగవుతాయి. రిజర్వ్ బ్యాంకు 1935 ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంకు 1955 జూలై 1న, జీఎస్టీ 2017 జూలై 1న మొదలయ్యాయి. వీటి మధ్య పోలిక వెతకడం దండగ.

అయితే ప్రతి రాష్ట్రమూ ఒకటో తేదీకి కట్టుబడలేదు. ఛత్తీస్‌గఢ్ పుట్టిన నెలలోనే ఝార్ఖండ్ నవంబర్ 15న వచ్చింది. అది బిర్సా ముండా జయంతి. అక్కడ తేదీని నిర్ణయించింది జనం మనసులోని నాయకుడు.

మన దగ్గర ఈ వ్యవహారం రాజకీయంగా చిక్కుపడింది. ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న. విభజన అమల్లోకి వచ్చిన అపాయింటెడ్ డే 2014 జూన్ 2. తెలంగాణకు జూన్ 2 అవతరణ దినం అనడంలో ఎవరికీ సందేహం లేదు. మిగిలిన ఆంధ్రప్రదేశ్ సంగతేమిటి? ఇప్పటి సరిహద్దులు ఏర్పడింది జూన్ 2నే కదా అని ఒక వాదన. అది కోల్పోయిన రోజు, దాన్ని పండుగ చేసుకోలేమని ఇంకొక వాదన. పేరు మారలేదు కాబట్టి నవంబర్ 1 చెల్లుతుందని కొందరంటే, తెలంగాణ లేని ఆంధ్రకు అక్టోబర్ 1 దగ్గరి పోలిక అని మరికొందరంటారు. విభజన తర్వాతి తొలి ప్రభుత్వం జూన్ 2న నవ నిర్మాణ దీక్ష పెట్టింది. 2019లో వచ్చిన ప్రభుత్వం తిరిగి నవంబర్ 1న అవతరణ దినం జరిపింది. తేదీల్లో ఏదీ తప్పు కాదు. రాష్ట్రం అంటే పేరా, సరిహద్దా, ఉద్యమమా అన్న ప్రశ్నకు ఒక్కో తేదీ ఒక్కో జవాబు.

కాకతాళీయం ఎంత మామూలు విషయమో లెక్కేసి చూస్తే

ఇక ఎవరూ ఎంచుకోనివి. ఒక గదిలో 23 మంది ఉంటే, వాళ్లలో ఏ ఇద్దరిదైనా పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే. నమ్మడం కష్టం, లెక్క తేలిక. మొదటి మనిషి పుట్టినరోజు ఏదైనా సరే. రెండో మనిషిది దానితో కలవకుండా ఉండే అవకాశం 365లో 364. మూడో మనిషిది ఆ ఇద్దరితోనూ కలవకుండా ఉండే అవకాశం 365లో 363. ఇలా 23వ మనిషి దాకా, అంటే 365లో 343 దాకా గుణించుకుంటూ పోతే వచ్చేది సుమారు 0.493. అది ఎవరిదీ కలవని అవకాశం. కలిసే అవకాశం మిగిలిన 0.507. కారణం జంటల సంఖ్య: 23 మందిలో 253 జంటలు ఉంటాయి, ప్రతి జంటా ఒక అవకాశం.

ఇందులోనే ఒక మెలిక ఉంది. "ఏ ఇద్దరిదైనా" అన్న మాటను "నా పుట్టినరోజుతో" అని మార్చారంటే 23 మంది చాలరు, సగం అవకాశానికి నేను కాక 253 మంది కావాలి. ముందే తేదీ చెప్పి వెతకడం వేరు, వెతికాక దొరికిన తేదీని చూపించడం వేరు. చరిత్ర జాబితాలు దాదాపు అన్నీ రెండో పద్ధతిలో తయారవుతాయి.

చరిత్రలో వెయ్యి ముఖ్య సంఘటనలు రాసుకుని 366 తేదీల మీద ఇష్టమొచ్చినట్టు చల్లామనుకోండి. సగటున తేదీకి 2.7 పడతాయి. కానీ సమంగా పడవు. దాదాపు 24 తేదీలు పూర్తిగా ఖాళీగా ఉంటాయి, రెండు మూడు తేదీల్లో ఎనిమిదో అంతకు మించో పోగవుతాయి. ఆ రెండు మూడు తేదీలే ప్రత్యేక కథనాలకు ఎక్కుతాయి, ఖాళీ తేదీల గురించి ఎవరూ రాయరు.

జూలై 4 అలా పేరు పడ్డ తేదీ. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన 1826 జూలై 4న ఆ ప్రకటనతో ముడిపడిన ఇద్దరు మాజీ అధ్యక్షులు, జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్, కొన్ని గంటల తేడాతో కన్నుమూశారు. 1831లో మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా జూలై 4నే పోయాడు. అప్పటి అమెరికన్లు చాలామంది దీన్ని దైవ సంకల్పమన్నారు. గణితం తెలిసినవారు వేరే మాటంటారు: ముందే చెప్పిన ఒక తేదీన ఇద్దరూ పోవడానికి అవకాశం 1,33,225లో ఒకటి, తేదీ ఏదైనా సరే ఇద్దరిదీ కలవడానికైతే 365లో ఒకటే. మూడో వివరణ కూడా ఉంది. ఆడమ్స్‌కు 90 ఏళ్లు, జెఫర్సన్‌కు 83. ఇద్దరూ అప్పటికే మంచం పట్టారు, ఇద్దరికీ ఆ వార్షికోత్సవం ప్రాణప్రదం. తుదిశ్వాసను పెద్ద రోజు దాకా పట్టి ఉంచే మనుషులుంటారన్న నమ్మకం మన ఊళ్లలోనూ ఉంది. అలాంటిది జరిగి ఉంటే 365 రోజులూ సమానం అన్న లెక్కే వర్తించదు. ఇద్దరు మనుషుల సంగతితో ఇది తేలే విషయం కాదు.

జూలై 4కు మన వైపు కొసలూ ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు జయంతి జూలై 4న జరుపుకుంటాం. వివేకానందులు 1902లో, జాతీయ పతాకం రూపకర్తల్లో ఒకరైన పింగళి వెంకయ్య 1963లో కన్నుమూసింది ఆ తేదీనే. డిసెంబర్ 15న 1950లో సర్దార్ పటేల్, 1952లో పొట్టి శ్రీరాములు పోయారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా పనిచేసిన డాక్టర్ బి.సి. రాయ్ 1882 జూలై 1న పుట్టి 1962 జూలై 1న మరణించారు. పుట్టిన తేదీనే పోవడం అరుదే అయినా ప్రతి 365 మందిలో ఒకరికి జరగాల్సిందే.

జూలై 1 అన్నాను కనుక ఒక హెచ్చరిక. మన పాత తరంలో పుట్టిన తేదీ జూలై 1, జూన్ 1, జనవరి 1 అని ఉన్నవాళ్లు లెక్కకు మించి కనిపిస్తారు. బడిలో చేర్పించేటప్పుడు వయసు సరిపోయేలా మాస్టారు రిజిస్టర్‌లో వేసిన తేదీలవి. సర్టిఫికెట్ తేదీని ఆధారం చేసుకుని ఇద్దరు ప్రముఖులు ఒకే రోజు పుట్టారని రాసే ముందు అది నిజం తేదీయా, బడి తేదీయా అని చూసుకోవాలి.

తేదీ ఒకటే, రోజు వేరు

1616 ఏప్రిల్ 23న ఇంగ్లండ్ నాటకకర్త షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ పోయారని చాలా చోట్ల చదువుతాం. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఏప్రిల్ 23ను పుస్తక దినంగా ప్రకటించడం వెనక ఈ మాట కూడా ఉంది. కానీ వాళ్లు పోయింది ఒకే రోజు కాదు, దాదాపు పదకొండు రోజుల తేడాతో.

ఎలాగంటే, జూలియస్ సీజర్ పెట్టిన జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది సగటు 365.25 రోజులు. రుతువులతో కూడిన అసలు ఏడాది అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. ఆ తేడా పోగై 128 ఏళ్లకు ఒక రోజవుతుంది. 1582లో పోప్ గ్రెగరీ దీన్ని సరిచేశారు. వంద చొప్పున వచ్చే ఏళ్లలో 400తో భాగించబడేవే లీపు సంవత్సరాలు, అంటే 1600, 2000 లీపు. 1700, 1800, 1900 కావు. పేరుకుపోయిన పది రోజులను తీసేయడానికి అక్టోబర్ 4 తర్వాతి రోజును 15 అన్నారు. స్పెయిన్ వెంటనే మారింది. ప్రొటెస్టంట్ ఇంగ్లండ్ మారలేదు.

కాబట్టి షేక్‌స్పియర్ పోయిన ఏప్రిల్ 23 ఇంగ్లండ్ లెక్క. పది కలిపితే స్పెయిన్ క్యాలెండర్‌లో అది మే 3. సెర్వాంటెస్ పోయింది స్పెయిన్ లెక్కలో ఏప్రిల్ 22న అని, 23న ఖననం జరిగిందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఎన్ని రోజులు కలపాలన్నది శతాబ్దాన్ని బట్టి మారుతుంది. 1700 ఫిబ్రవరి చివరి దాకా 10, ఆపై 1800 దాకా 11, 1900 దాకా 12, అక్కడి నుంచి 13. రష్యాలో 1917 అక్టోబర్ 25న జరిగిన విప్లవానికి 13 కలిపితే నవంబర్ 7. అందుకే అక్టోబర్ విప్లవ వార్షికోత్సవం నవంబర్‌లో వస్తుంది. మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. 1900 లీపు కాకపోవడంతో ఆయనకు మొదటి అసలు పుట్టినరోజు ఎనిమిదేళ్ల తర్వాత, 1904లో వచ్చింది.

ఇది మన చరిత్రనూ తాకింది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. ఆంగ్లేయుల రికార్డుల్లో అది సెప్టెంబర్ 10, ఫ్రెంచి వారి లెక్కలో సెప్టెంబర్ 21. ఒకే కోట, ఒకే రోజు, పదకొండు రోజుల తేడా. ఇది తెలియక రెండు వైపుల కాగితాలనూ కలిపి చదివితే కోట పడిపోయాక ముట్టడి మొదలైనట్టు కనిపిస్తుంది. బ్రిటన్, దాని అధీనంలోని ప్రాంతాలు 1752లో మారాయి. సెప్టెంబర్ 2 బుధవారం తర్వాత సెప్టెంబర్ 14 గురువారం వచ్చింది. వారాల వరస చెదరలేదు. అందువల్ల 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధానికి ఈ చిక్కు లేదు. అప్పటికి ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఇద్దరూ ఒకే క్యాలెండర్‌లో ఉన్నారు.

ఇంకో ఉచ్చు సంవత్సరంలో ఉంది. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి రాతల్లో ఏడాది ఒకటి తక్కువ ఉంటుంది. అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ పుట్టినప్పుడు రాసిన తేదీ 1731 ఫిబ్రవరి 11. ఇప్పుడు జరిపే తేదీ 1732 ఫిబ్రవరి 22. రోజులు 11 పెరిగాయి, ఏడాది ఒకటి పెరిగింది, మనిషి మాత్రం అదే గంటలో పుట్టాడు.

రోజు ఎక్కడ మొదలవుతుంది?

జపాన్ చక్రవర్తి ప్రసంగం వచ్చింది టోక్యోలో ఆగస్టు 15 మధ్యాహ్నం. అప్పటికి అమెరికాలో ఇంకా 14వ తేదీ రాత్రే. మొదట్లో చెప్పిన "ఆగస్టు 15 కానిది" ఇదే. పెర్ల్ హార్బర్ దాడి ఇంకా విచిత్రం. హవాయిలో అది 1941 డిసెంబర్ 7 ఉదయం. మలయాలోని కోట బారు తీరంలో జపాన్ సేనలు దిగింది స్థానికంగా డిసెంబర్ 8, అర్ధరాత్రి దాటాక. తేదీలు చూస్తే మలయా తర్వాతిది. గడియారాన్ని సరిచేసి చూస్తే మలయాలోనే గంటకు పైగా ముందు మొదలైంది. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టింది అమెరికన్లకు 1969 జూలై 20 రాత్రి, మనకు 21 ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతం.

ఇక ఒకే ఊళ్లో కూడా రోజు మూడు వేళల్లో మొదలవుతుంది. గ్రెగోరియన్ లెక్కకు అర్ధరాత్రి, మన పంచాంగానికి సూర్యోదయం, ముస్లింల హిజ్రీ లెక్కకు సూర్యాస్తమయం. 1947 ఆగస్టులో ఈ మూడూ కలిసిపోయాయి. 15వ తేదీ మంచిది కాదని జ్యోతిష్కులు అభ్యంతరం చెప్పడంతో రాజ్యాంగసభను 14 రాత్రి 11 గంటలకే సమావేశపరిచి అర్ధరాత్రి దాకా కొనసాగించారు. పాకిస్తాన్‌లో 14వ తేదీ సూర్యాస్తమయంతో ముస్లింలు పవిత్రంగా భావించే రంజాన్ 27 మొదలైంది. చట్టం ప్రకారం రెండు దేశాలకూ తేదీ ఒకటే, ఆగస్టు 15. పాకిస్తాన్ 1948 జూలైలో విడుదల చేసిన తొలి స్మారక తపాలా బిళ్లల మీద కూడా 15 అనే ఉంది. అయితే మౌంట్‌బాటెన్ కరాచీ వెళ్లి అధికార బదిలీ ప్రసంగం చేసింది 14న. 1948 నుంచి పాకిస్తాన్ 14నే జరుపుకోవాలని నిర్ణయించుకుంది.

లెక్కపెట్టే తీరు కూడా తేడా తెస్తుంది. పొట్టి శ్రీరాములు మద్రాసులో 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. అక్టోబర్‌లో 13 రోజులు, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15, మొత్తం 58. మొదటి రోజునూ చివరి రోజునూ కలిపిన లెక్క ఇది. తేదీలోంచి తేదీ తీసేస్తే 57 వస్తుంది. పుస్తకాల్లో సంఖ్య మారినప్పుడు చాలాసార్లు కారణం ఇంతే.

తేదీ నిలబడుతుంది, తిథి జరుగుతుంది

తెలుగు ఇళ్లలో తద్దినం తిథిని బట్టి పెడతారు, వర్ధంతి సభ తేదీని బట్టి జరుగుతుంది. రెండూ ఎప్పుడు కలుస్తాయి? పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులు, అంటే సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. అందుకే ఉగాది 2022 ఏప్రిల్ 2 నుంచి 2023 మార్చి 22కు వెనక్కి జరిగింది. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది కాబట్టి 2024లో ఏప్రిల్ 9కి ముందుకు దూకింది. 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలు వస్తాయి, మొత్తం 235 మాసాలు. అవి 6,939.69 రోజులు. 19 గ్రెగోరియన్ సంవత్సరాలు 6,939.61 రోజులు. తేడా రెండు గంటలు. కాబట్టి 19 ఏళ్లకోసారి తిథీ తేదీ మళ్లీ కలుస్తాయి, లేదా ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. 2005లో ఉగాది ఏప్రిల్ 9, 2024లోనూ అదే. 2006లో మార్చి 30, 2025లోనూ అదే. హిజ్రీలో అధిక మాసం లేదు. అక్కడి తేదీ సుమారు 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టి వస్తుంది.

సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వస్తుంది కాబట్టి కదలదనుకుంటాం. అదీ కదులుతుంది, నెమ్మదిగా. నక్షత్రాలను బట్టి కొలిచే ఏడాది 365.2564 రోజులు. గ్రెగోరియన్ ఏడాది 365.2425. ఈ తేడా 72 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. వివేకానందులు పుట్టిన 1863 జనవరి 12న మకర సంక్రాంతి. ఇప్పుడది 14న గానీ 15న గానీ వస్తోంది. ఇక ఆయన జయంతిని ప్రభుత్వం జనవరి 12న యువజన దినంగా జరిపితే, రామకృష్ణ మఠం తిథి ప్రకారం వేరే రోజున జరుపుతుంది. ఇద్దరి లెక్కా సరైనదే.

సెప్టెంబర్ 17: ఒక రోజు, నాలుగు పేర్లు

కొన్నిసార్లు తేదీ మీద తగువుండదు, ఆ రోజు జరిగింది ఏమిటన్నదాని మీదే తగువు. హైదరాబాద్ సంస్థానం 1947 ఆగస్టు 15న భారత్‌లో చేరలేదు. నవంబర్ 29న ఏడాది పాటు యథాతథ స్థితి ఒప్పందం కుదిరింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న సంస్థాన ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లాంఛనంగా లొంగిపోయింది 18న. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబర్ 23న. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక అదే నిజాం రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి) అయ్యాడు.

విమోచన అనేవారు రజాకార్ల దౌర్జన్యాల నుంచి, రాచరికం నుంచి జనం బయటపడటాన్ని చూస్తారు. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఏటా హైదరాబాద్ విమోచన దినం జరపాలని నోటిఫికేషన్ ఇచ్చింది. విలీనం అనేవారు సంస్థానం దేశంలో కలవడాన్ని చూస్తారు. వాళ్లలో కమ్యూనిస్టులు, రైతాంగ సాయుధ పోరాటం అప్పటికే నిజాం పాలనను కదిలించిందని, సైన్యం వచ్చాక కూడా ఆ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగిందని గుర్తుచేస్తారు. సమైక్యత అన్న పేరును 2022లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం ఎంచుకుంది. 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. రాచరికం పోయి ప్రజల పాలన మొదలైందన్నది దాని వెనక ఆలోచన. సైనిక చర్య తర్వాతి నెలల్లో ముస్లింల మీద పెద్ద ఎత్తున హత్యాకాండ జరిగిందని పండిత్ సుందర్‌లాల్ నేతృత్వంలోని బృందం ప్రభుత్వానికి నివేదించింది. ఆ కుటుంబాలకు ఏ పేరుతోనూ అది ఉత్సవం కాలేదు. ఈ మాటను పక్కన పెట్టి పేర్ల గురించి మాత్రమే వాదించుకోవడం సరికాదని నా అభిప్రాయం.

పాత సంస్థానంలోని మిగతా భాగాలు అదే తేదీని తమ పేర్లతో పిలుచుకుంటున్నాయి. మహారాష్ట్రలో అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం, కర్ణాటకలో కల్యాణ కర్ణాటక దినం. సుందర్‌లాల్ బృందం ఎక్కువ మరణాలను చూపిన జిల్లాల్లో ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా, నాందేడ్ ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఇవాళ తెలంగాణలో లేదు.